అమెరికాలో గేర్ల కారు కొనబోయేవారికి హితబోధ

ఉద్యోగం కుదురుకుంది. గ్రీన్‌కార్డు సంగతి దేవుడెరుగు, ఇంటికి డౌన్‌పేమెంటు మాత్రం కట్టేశారు. పిల్లల్ని బడికీ భరతనాట్యం క్లాసులకీ తిప్పడానికి మినీవ్యాన్ ఉంది. ఇక మిగిలింది కాలేజీ రోజులనాటి కోరిక ఒక్కటే: రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, కాళ్ల దగ్గర మూడు పెడళ్లు, కుడిచేతి కింద గేరు రాడ్డు. డాలస్‌లో, న్యూజెర్సీలో, సియాటిల్‌లో మనవాళ్లు నలుగురు చేరినచోట ఎక్కడో ఒకచోట ఈ ప్రస్తావన వస్తూనే ఉంటుంది. మాన్యువలా, ఆటోమేటిక్కా? డీలరు దగ్గర ఎలా మాట్లాడాలి?

నా సలహాలు తు.చ. తప్పకుండా పాటించండి. మాన్యువల్ కోసం వెళ్లి, ఆటోమేటిక్ తీసుకుని, స్టిక్కర్ మీది ధరకంటే ఎక్కువ కట్టి, సేల్స్‌మన్‌కి థాంక్స్ చెప్పి మరీ ఇంటికొస్తారు. పూచీ నాది.

ఎడమకాలికి పని చెప్పకండి

మీరు కారు నేర్చుకున్నది ఊళ్లో మోటారు డ్రైవింగ్ స్కూలు వాళ్ల మారుతిలో. దాంట్లో మాస్టారి కాళ్ల కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. అసలు ఆ బండిని ఎవరు నడిపారన్నది ఇప్పటికీ తేలలేదు. అమెరికా విమానం ఎక్కిన దగ్గర్నుంచి మీ ఎడమకాలు పింఛను పుచ్చుకుంటోంది. కాబట్టి డీలరు దగ్గరికి వెళ్లేముందు ఎవరి పాత సివిక్కో అడిగి తీసుకుని, ఆదివారం ఖాళీ పార్కింగ్‌లో సాధన చేద్దామన్న ఆలోచన వస్తుంది. రానివ్వకండి. మొదటి క్లచ్ టెస్ట్ డ్రైవ్‌లోనే తొక్కాలి.

అక్కడ మన హాఫ్ క్లచ్ విద్యను బయటికి తియ్యండి. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగిపోయిందనుకోండి, బ్రేకు జోలికి పోకుండా క్లచ్‌ని సగం వదిలి, యాక్సిలేటర్ కొంచెం తొక్కి, బండిని వెనక్కి జారకుండా అలా నిలబెట్టి ఉంచుతామే, అదే. ఆ సమయంలో లోపల ఏమవుతుందంటే, ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకీ గేర్‌బాక్సుతో తిరిగే క్లచ్ ప్లేటుకీ మధ్య పట్టు పూర్తిగా కుదరదు. ఒకటి జోరుగా తిరుగుతుంటే రెండోది కదలదు. రాపిడికి ప్లేటు మీది పూత కాలుతుంది, వాసన వస్తుంది. ఆ వాసన పక్క సీట్లోని సేల్స్‌మన్‌కి అందాలి. మాన్యువల్ అడిగేవాడికి మాన్యువల్ రాదని అతనికి ముందే ఒక సిద్ధాంతం ఉంది. మీరు రుజువు చూపించారు. ఇక ముందు మాన్యువల్ అడిగే ఏ కస్టమరుకీ అతను తాళం ఇవ్వడు. మీ తర్వాత వచ్చేవాడు ఎవడో పాపం రోజూ గేర్లు మార్చేవాడే అయినా సరే, కారుని అద్దం బయట్నుంచి చూసి వెళ్లిపోతాడు.

గేరు తగ్గించేటప్పుడు ఇంజను వేగాన్ని తనంతట తనే సరిచేసుకునే ఏర్పాటు కొత్త మాన్యువల్ కార్లలో చాలావాటికి ఉంది. 2009లో నిస్సాన్ 370జెడ్‌తో మొదలైంది ఇది. కుదుపు లేకుండా గేరు దిగడానికి బ్రేకూ యాక్సిలేటరూ ఒకే పాదంతో తొక్కే గారడీ ఇక అక్కర్లేదు, కావాలనుకుంటే ఆ ఏర్పాటుని ఆపేసుకోనూ వచ్చు. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. మాన్యువల్ అంటే మహా కష్టమన్న పేరు అలాగే ఉండాలి.

‘ఎవరూ కొనడం లేదు సార్’

డీలరు గుమ్మం దాటగానే మీరు వినే మొదటి మాట ఇదే. విని తలూపండి. ఎదురు ప్రశ్న వెయ్యకండి.

నిజానికి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అంత బాగా పనిచేస్తుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడైన కొత్త కార్లలో మూడోవంతు దాకా మాన్యువల్. ఇప్పుడు అన్నిరకాల కార్లూ కలిపి నూటికి ఒకటి అటూఇటూ. అయితే ఆ నూరులో మినీవ్యాన్లు, పికప్ ట్రక్కులు, ఎస్‌యూవీలు, బ్యాటరీ కార్లు అన్నీ ఉన్నాయి. వాటిలో చాలావాటికి మాన్యువల్ తయారే కాదు. మాజ్దా మియాటా కొనేవాళ్లని విడిగా లెక్కపెడితే మాన్యువల్ వాళ్లు గుంపులు గుంపులుగా కనబడతారు. హోండా సివిక్ టైప్ ఆర్‌కైతే ఆటోమేటిక్కే లేదు, అయినా దానికోసం జనం వరసలో నిలబడ్డారు. ఈ తేడాని సేల్స్‌మన్ ముందు ఎత్తితే పాపం అతని మొహం చిన్నబోతుంది. ఎందుకొచ్చిన గొడవ.

ఆవరణలో మాన్యువల్ ఎందుకు లేదన్నది కూడా తవ్వకండి. తవ్వితే ఇలా బయటపడుతుంది. డీలరు తన ఆవరణలో నిలబెట్టిన కార్లు చాలావరకు అప్పు మీద తెచ్చినవే. ఫ్లోర్ ప్లాన్ అంటారు. ఎన్నాళ్లు కారు కదలకుండా ఉంటే అన్నాళ్లూ దాని మీద వడ్డీ ఎక్కుతూనే ఉంటుంది. కనక అతను తెప్పించేది ఎక్కువమందికి నచ్చేది కాదు, ఎక్కువమంది కాదనలేనిది. తెలుపో నలుపో బూడిదో రంగు, అందరూ తీసుకునే ప్యాకేజీ, ఆటోమేటిక్. మాన్యువల్ తెస్తే కొనేవాడు వారంలో రావచ్చు, మూడు నెలలకి రావచ్చు. వడ్డీ ఈ సస్పెన్సుని భరించదు.

దానిపైన అలాట్‌మెంట్ ఒకటుంది. డీలరు కిందటి నెలల్లో ఏది ఎంత త్వరగా అమ్మాడో చూసి కంపెనీ అతనికి తర్వాతి కార్లు పంపుతుంది. మాన్యువల్ తెప్పించలేదు కాబట్టి అమ్మలేదు. అమ్మలేదు కాబట్టి ఆ ఊళ్లో గిరాకీ లేదని కంపెనీ రాసుకుంటుంది. గిరాకీ లేదు కాబట్టి పంపదు. ఆవరణలో లేదు కాబట్టి వచ్చినవాడు ఉన్నదే కొంటాడు. వాడు ఆటోమేటిక్ కొన్నాడు కాబట్టి, చూశారా, మాన్యువల్ ఎవరూ కొనడం లేదు సార్.

ఈ గానుగలోంచి బయటపడే దారి ఒకటుంది: డిపాజిట్టు కట్టి, కావలసిన రంగు, కావలసిన గేర్‌బాక్సు రాయించి ఫ్యాక్టరీకి ఆర్డరు పెట్టించడం. చాలా కంపెనీలు తీసుకుంటాయి. ఇక్కడ మీరు సేల్స్‌మన్ కష్టం గ్రహించాలి. అతనికి కమీషన్ వచ్చేది కారు గేటు దాటినప్పుడు. ఇవాళ దాటితే ఈ నెల అద్దె. మీ ఆర్డరు నాలుగు నెలలకి దాటితే అప్పటికి అతను ఈ షోరూములో ఉంటాడో, ఇన్సూరెన్సులు అమ్ముకుంటూ ఉంటాడో. మంచి మనిషనేవాడు ఎదుటివాడి నెలాఖరు చూసి మెలగాలి. ఆర్డరు పెట్టకండి. ఉన్నది తీసుకోండి.

అక్కడక్కడ ఒక రకం సేల్స్‌మన్ తారసపడతాడు. తనే ఒక పాత మియాటాలో డ్యూటీకి వస్తాడు, ఏ సంవత్సరం మోడల్లో ఏ సింక్రోమెష్ అరిగిపోతుందో అడక్కుండానే చెబుతాడు, రెండు వందల మైళ్ల అవతల ఇంకో డీలరు దగ్గర మాన్యువల్ ఉంటే ఫోన్ చేసి మార్పిడి చేసుకుంటాడు. ఇలాంటివాడు కనిపిస్తే వేరే సేల్స్‌మన్ కావాలని అడగండి. ఇతనితో మీ పని సాయంత్రానికల్లా అయిపోతుంది. మన పద్ధతి అది కాదు.

అడిగింది వదిలేసి చూపించింది చూడండి

పెళ్లిళ్ల పేరయ్య దగ్గరికెళ్లి ఇంజనీరు సంబంధం చూడమంటే, మహా బుద్ధిమంతుడని మెడికల్ షాపు వాళ్లబ్బాయి ఫొటో తీస్తాడు. సేల్స్‌మన్‌ది అదే చేతివాటం. ఆరు గేర్ల మాన్యువల్ అడుగుతారు, పాడిల్ షిఫ్టర్ చూపిస్తాడు. ‘ఇదీ మాన్యువలే సార్, ఇంకా స్పీడు కూడా.’ స్టీరింగ్ వెనకాల రెండు చిన్న రెక్కలు, కుడిది నొక్కితే పై గేరు, ఎడమది నొక్కితే కింది గేరు. ఒప్పేసుకోండి. మొదటి వారం ప్రతి సిగ్నల్ దగ్గరా నొక్కుతారు. రెండో వారం పిల్లాడు నొక్కుతాడు. ఆ తర్వాత రెక్కలు ఉన్నాయన్న సంగతే మరిచిపోతారు.

ఏ రకం ఆటోమేటిక్ అనేది అడగడం మర్యాద కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య నూనె ఉంటుంది, ఆ నూనె సుడి ద్వారా శక్తి అందుతుంది. బీఎండబ్ల్యూ వాడే జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్లది ఈ జాతి. డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకో క్లచ్. మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ దీన్ని 2003లో గోల్ఫ్ ఆర్32తో జనంలోకి తెచ్చింది. పోర్షె అంతకుముందే 1980లలో తన 956, 962 రేసు కార్లలో పీడీకే పేరుతో దీన్ని పరీక్షించింది. రెండింటికీ గుణాలు వేరు, రిపేరు ఖర్చులు వేరు, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకేటప్పుడు ప్రవర్తన వేరు. ఇవన్నీ తెలిసి మీరేం చేస్తారు? ‘ఆటోమేటికే కదా’ అనెయ్యండి.

మాన్యువల్ ఆవరణలో నిజంగానే ఒకటుందనుకోండి. వెనకవైపు కంచె పక్కన, నాలుగు ట్రక్కుల వెనకాల ఉంటుంది. దాన్ని బయటికి తియ్యమంటే సేల్స్‌మన్ లోపలికి పోయి ఇంకొకాయన్ని, ఆయన మరొకాయన్ని పిలుచుకొస్తారు. అందరూ తాళం చేతులు మార్చుకుంటారు. ఆఖరికి సర్వీసు సెక్షన్‌లోని ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి రెండు నిమిషాల్లో తీసి పెడతాడు. అప్పుడు మీకు ఒక అనుమానం రావచ్చు: అమ్మేవాడికే నడపడం రాకపోతే అమ్మకం ఎలా అవుతుందని. రానివ్వకండి. ఇంతమందిని ఇబ్బంది పెట్టానే అని నొచ్చుకోండి.

చరిత్రతో వాదించండి, కానీ చదవకండి

అసలు స్పోర్ట్స్ కారంటే మాన్యువలే, ఆటోమేటిక్ అనేది నిన్నగాక మొన్న వచ్చిన జబ్బు అని మీరు గట్టిగా అనాలి. 2020లో ఎనిమిదో తరం కార్వెట్ మాన్యువల్ లేకుండా వచ్చినప్పుడు చాలామంది ఇలాగే శోకాలు పెట్టారు. మొట్టమొదటి కార్వెట్ 1953లో వచ్చిందనీ, ఆ ఏడాది తయారైన మూడు వందల కార్లూ రెండే గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్‌తోనే వచ్చాయనీ, మాన్యువల్ 1955లో గానీ రాలేదనీ ఎవరైనా అంటే వినబడనట్టు ఉండండి. ఓల్డ్స్‌మొబీల్ హైడ్రామాటిక్ పేరుతో పూర్తి ఆటోమేటిక్‌ని 1940 మోడల్ కార్లలోనే అమ్మిందన్నది అసలు ఎత్తనివ్వకండి.

వాదనలో ఎంత ఆవేశమున్నా సరే, కంపెనీని అడగడం వల్ల లాభం లేదన్నది మాత్రం మనసులో గట్టిగా నాటుకోవాలి. బీఎండబ్ల్యూ ఈ60 రకం ఎం5ని పాడిల్ గేర్‌బాక్సుతో మాత్రమే తెచ్చింది. నడపడం రాదని అందరూ ఎగతాళి చేసే ఉత్తర అమెరికా వాళ్లే మాకు మూడో పెడల్ కావాలని పట్టుబట్టారు. కంపెనీ వాళ్ల కోసమే ఆరు గేర్ల మాన్యువల్ చేసి ఇచ్చింది, యూరప్‌లో అది దొరకలేదు. పోర్షె 2013లో 911 జీటీ3ని పీడీకేతో తప్ప ఇవ్వనంది. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అని 991 కార్లు చేస్తే, అమెరికాలో లక్షా ఎనభై అయిదు వేల డాలర్ల దగ్గర మొదలైన ఆ కారు చేతులు మారేసరికి రెట్టింపుకి పైగా పలికింది. మరుసటి ఏడాదే జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది, అదీ అదనపు ధర లేకుండా. టొయోటా సుప్రా 2019లో ఆటోమేటిక్ ఒక్కదానితో వచ్చింది, 2023 మోడల్‌కి మాన్యువల్ చేరింది. ఇవన్నీ కాకతాళీయం. అడిగితే వచ్చాయనుకోవడం చాదస్తం.

అరసెకను చాలు

పోర్షె చెప్పిన లెక్కల ప్రకారం ఆ జీటీ3 పీడీకేతో సున్నా నుంచి అరవై మైళ్ల వేగానికి 3.2 సెకన్లలో చేరుతుంది, మాన్యువల్‌తో 3.8. ఈ ఒక్క అంకె బట్టీ పట్టండి. ఫ్రిస్కో నుంచి ప్లేనోకి ఉదయం ఎనిమిదింటికి టోల్‌వే మీద బంపరుకి బంపరు ఆనించుకుని పోతుంటే ఈ 0.6 సెకను మీకెంత ఉపయోగపడుతుందో ఊహించుకోండి. టొయోటా జీఆర్86లో మాన్యువల్‌కి 6.1, ఆటోమేటిక్‌కి 6.6 అని ఆ కంపెనీయే చెప్పింది. అంటే అక్కడ మాన్యువలే ముందు. అది తీసెయ్యండి, లెక్క పాడవుతుంది. అలాగే మాన్యువల్ జీటీ3 గరిష్ఠ వేగం పీడీకే దానికంటే ఒక మైలు ఎక్కువ. అదీ వద్దు.

వేగం కోసమే అయితే ఈరోజుల్లో ఒక మంచి బ్యాటరీ సెడాన్ ఈ కార్లలో చాలావాటిని సిగ్నల్ దగ్గర వదిలేసి పోతుందనీ, గేర్లు మార్చుకునేవాడు సెకన్ల కోసం మార్చుకోడనీ ఒక వాదన ఉంది. నాకు అది సరైనదేనని అనిపిస్తుంది. అందుకే ఇక్కడితో ఆపేస్తున్నాను.

నెలకి ఎంత కట్టగలరు?

ధర దగ్గరికొద్దాం. అమెరికాలో కొత్త కారు కిటికీకి ఒక కాగితం అంటించి ఉంటుంది. ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్‌రోనీ పుణ్యమా అని 1958లో వచ్చిన చట్టం అది, కాగితాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కారు ధర, సామగ్రి, రవాణా ఖర్చు అన్నీ దాని మీద ఉండాలి. ఉండాలని మాత్రమే చట్టం. అంతకే అమ్మాలని కాదు. ఆ ధర కంపెనీ సూచించినది, డీలరు స్వతంత్ర వ్యాపారి, ఎంతకైనా అమ్ముకోవచ్చు. పోనీ నేరుగా కంపెనీ దగ్గరే కొందామంటే చాలా రాష్ట్రాల్లో పాత కంపెనీలకి ఫ్రాంచైజీ చట్టాలు అడ్డం.

అందుకని అసలు కాగితం పక్కనే రెండో కాగితం వెలుస్తుంది. ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’. 2023 సివిక్ టైప్ ఆర్ స్టిక్కర్ ధర రవాణాతో కలిపి నలభై నాలుగు వేల డాలర్ల లోపే. దాని మీద పదివేలు, ఇంకా పైన కూడా అడిగిన డీలర్లు చాలామంది. గుర్తుందిగా, ఎవరూ కొనని మాన్యువల్ కారు ఇది. ఒకే నోటితో ‘మాన్యువల్ ఎవరూ కొనరు’, ‘ఇలాంటి మాన్యువల్ దొరకదు కాబట్టి పదివేలు ఎక్కువ’ అని ఒకే మధ్యాహ్నం అనగలగడానికి ఎంత తర్ఫీదు కావాలో ఆలోచించండి. మెచ్చుకోలుగా ఆ పదివేలూ ఇచ్చెయ్యండి.

అంతా కలుపుకుని, పన్నులతో సహా చేతికొచ్చే ధర ఎంతో ఈమెయిల్లో రాసి పంపమని నలుగురైదుగురు డీలర్లని అడిగేవాళ్లున్నారు. చాలా రసహీనమైన మనుషులు. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని వెంటేసుకుని స్వయంగా వెళ్లండి, వాళ్లకి ఆకలేసేదాకా కూర్చోండి. బేరం ఎంతకీ తెగదు. అప్పుడు సేల్స్‌మన్ కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి ‘నెలకి ఎంత కట్టగలరు?’ అంటాడు. కారు ధర ఊసెత్తకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమే మీ బాధ్యత. మీరు ఎంత చెబితే అంతకి సరిపోయేలా అప్పుని ఎనభై నాలుగు నెలలకి సాగదీస్తారు. ఏడేళ్లు. రెండో తరగతిలో ఉన్న పిల్లాడు తొమ్మిదికొచ్చేదాకా.

తర్వాత ఫైనాన్సు గదిలో ఇంకొకాయన. సీట్లకి పూత, రంగుకి పూత, అద్దాల మీద నంబరు చెక్కడం, టైర్లలో నైట్రోజన్. మనం పీల్చే గాలిలో నైట్రోజన్ 78 శాతం. మిగతా 22 శాతాన్ని మెరుగుపరచడానికి ఆయన కొన్ని వందల డాలర్లు తీసుకుంటాడు. సంతకం పెట్టండి.

ఇంట్లోవాళ్ల అభిప్రాయం

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు గుంటూరులో నాన్నగారికి వీడియో కాల్ చెయ్యండి. ఇక్కడే మన సంస్కృతి మీకు అక్కరకొస్తుంది. మన దగ్గర గేర్లు మార్చడం అనేది అందరూ చేసే చాకిరీ. డబ్బున్నవాడు ఆ పనికి డ్రైవర్ని పెట్టుకుంటాడు. ఆటోమేటిక్ చాలా ఏళ్లు పెద్ద పెద్ద విదేశీ కార్లలో కూర్చునేవాళ్లకే తెలిసిన సుఖం. 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ వచ్చింది. మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం మనిషి బదులు ఒక యంత్రం చేస్తుంది. ధర తక్కువ, మైలేజీ పోదు. దాంతో బ్రాడీపేటలో రిటైర్డు హెడ్మాస్టరు కూడా ఆటోమేటిక్ కొన్నాడు. మీ నాన్నగారూ కొన్నారు. ఎడమ మోకాలికి హాయిగా ఉందని పెళ్లిళ్లలో చెప్పుకుంటున్నారు.

ఇప్పుడు ఆయనకి మీరు చెప్పబోయేది: నాన్నా, యాభై వేల డాలర్లు పెట్టి, వెనక సీట్లో మనిషి పట్టని, క్లచ్ ఉన్న కారు కొంటున్నాను.

‘అమెరికాలో ఆటోమేటిక్ దొరకట్లేదట్రా?’

ఈ ప్రశ్నకి జవాబు లేదు. క్లచ్ వదిలేటప్పుడు పాదానికి తెలిసే ఆ బిందువు గురించో, మలుపుకి ముందు మూడు నుంచి రెండుకి దిగితే ఇంజను గొంతు మారడం గురించో చెబుదామని నోరు తెరుస్తారు. సుబ్బారావుగారబ్బాయి టెస్లా కొన్నాడని అమ్మ వెనకనించి అంటుంది. ఫోన్ పెట్టేసి సేల్స్‌మన్‌తో ఆటోమేటిక్కే ఇవ్వమనండి. పెద్దల మాట.

మీ ఆవిడ సంగతి మర్చిపోయాను. సేల్స్‌మన్ ఆవిడతో మాట్లాడడు, మీరూ అడక్కండి. మాటల్లో పడితే, పెళ్లికి ముందు ఆవిడ వాళ్ల నాన్నగారి శాంట్రోని సింహాచలం కొండ మీదికి వానాకాలంలో నడిపేదనీ, మలుపులో బస్సు ఎదురొస్తే ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేకుతో మళ్లీ కదిలించేదనీ బయటపడచ్చు. క్లచ్ వాసన కూడా వచ్చేది కాదట. టెస్ట్ డ్రైవ్‌కి ఆవిణ్ణి పంపి ఉంటే సేల్స్‌మన్ సిద్ధాంతం దెబ్బతినేది. అందుకని ఆవిడకి కాఫీ మిషను ఎక్కడుందో చూపించండి.

ప్రేమించండి, కొనకండి

మాన్యువల్‌ని మనసారా ప్రేమించండి. 2010లో కార్ అండ్ డ్రైవర్ పత్రిక మాన్యువల్స్‌ని కాపాడండి అని ఒక ఉద్యమమే మొదలుపెట్టింది. ఆ ఉద్యమం చొక్కా కొనుక్కుని వేసుకోండి. వాట్సాప్ గ్రూపులో ప్రతి కొత్త ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారు ఫొటో కిందా కన్నీటి బొమ్మ పెట్టండి. కొత్తది మాత్రం కొనకండి. మూడేళ్లయ్యాక సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటానని చెప్పండి. కంపెనీ ఏ గేర్‌బాక్సు ఉంచాలో ఏది తీసెయ్యాలో చూసుకునేది కొత్త కార్ల ఆర్డర్లలో. అందరూ మూడేళ్లాగి కొందామనుకుంటే మూడేళ్ల తర్వాత కొనడానికి పాత మాన్యువల్ ఉండదు. ఈ లెక్క సామాన్యులకి అందదు, మనం కొనసాగిద్దాం.

నిజంగానే పాతది దొరికితే, పై గేరులో గట్టిగా యాక్సిలేటర్ తొక్కి చూడకండి. ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయిందని తెలిసిపోతుంది. తెలియకపోవడంలోనే ప్రశాంతత ఉంది.

మూడేళ్ల తర్వాత

నా సలహాల ప్రకారం కొన్న ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారుని మూడేళ్లకి మార్చాలనిపిస్తుంది. అనిపించాలి. అదే డీలరు దగ్గరికి వెళ్లండి. బయట ఇంకెవరికీ చూపించి ధర కనుక్కోకండి. అప్పటి సేల్స్‌మన్ వెళ్లిపోయి ఉంటాడు, కొత్తాయన వస్తాడు. కారు చుట్టూ తిరుగుతాడు. టైరుని బూటుతో తన్నుతాడు. వంగి కిటికీలోంచి కాళ్ల దగ్గర పెడళ్లు లెక్కపెడతాడు.

‘ఆటోమేటిక్కా సార్?’ అంటాడు నిట్టూరుస్తూ. ‘ఇవి మా దగ్గర బోలెడు పడున్నాయి. పెద్దగా రాదు. అదే మాన్యువల్ అయితే అడిగినంత ఇచ్చేవాణ్ణి. అప్పుడే మాన్యువల్ తీసుకోవలసింది.’

అవును సుమా అనండి. అని, ఆయన చూపించిన కొత్త కారు ఎక్కండి. ఎనిమిది గేర్లు, రెండు పెడళ్లు, తెలుపు రంగు, టైర్లలో నైట్రోజన్ ముందే పట్టించి ఉంటుంది.